లివర్ క్యాన్సర్ టీకా వెనుక ఒక ఆదివాసీ రక్తం



వైద్య చరిత్రలో మన ఆదివాసీల జాడ ఎక్కడుందని వెతికితే 1960ల్లో ఒకచోట దొరుకుతది. అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లూంబర్గ్ దేశదేశాల మనుషుల రక్తం పరీక్షిస్తుంటే, ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో కొత్త ప్రొటీన్ కనబడింది. 1965లో దాన్ని 'ఆస్ట్రేలియా యాంటిజెన్' అని ప్రకటించారు. అది హెపటైటిస్-బి వైరస్ పైపొర అని తర్వాత తేలింది. 1976లో బ్లూంబర్గ్‌కు నోబెల్ వచ్చింది. యాంటిజెన్‌కు దేశం పేరు పెట్టారు గానీ, ఆ రక్తం ఎవరిదో ఆ మనిషి పేరు పెట్టలేదు.

ఈ వైరస్ ఏళ్ల తరబడి లివర్‌లో ఉండిపోతే కొందరికి క్యాన్సర్ అవుతుంది. వచ్చినంక అది ఎందుకంత మొండిదో హీట్ షాక్ ప్రొటీన్లను చూస్తే కొంత అర్థమవుతది. 1962లో ఇటలీ శాస్త్రవేత్త రిటోసా, వేడి తగిలిన పండు ఈగల్లో కొన్ని జన్యువులు ఒక్కసారిగా పనిలోకి దిగడం గమనించారు. అవి తయారుచేసేవే ఈ ప్రొటీన్లు. వేడికి, దెబ్బకు పాడయ్యే మిగతా ప్రొటీన్లను ఇవి సరిచేసి కణాన్ని బతికిస్తాయి. అంటే కణానికి కావలివాళ్లు. కానీ క్యాన్సర్ కణం కూడా ఈ కావలివాళ్లనే తన వైపు తిప్పుకుంటది. అందుకే లివర్ ముక్క తీసి పరీక్షించేటప్పుడు, క్యాన్సర్‌ను గుర్తుపట్టడానికి హెచ్‌ఎస్‌పీ70 కూడా చూస్తారు.

కాబట్టి రాకముందే ఆపడం మేలు. తైవాన్ 1984లో పుట్టిన పిల్లలకు టీకా మొదలుపెట్టింది. అక్కడ పిల్లల్లో లివర్ క్యాన్సర్ తగ్గింది. మన దగ్గర ఆ టీకా విదేశాల నుంచి వచ్చేది, పేదోళ్లకు అందని ధర. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 'శాన్‌వాక్-బి' తెచ్చాక ధర బాగా దిగింది. 2011 నాటికి దేశమంతా ప్రభుత్వ టీకాల్లో చేరింది.

పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే 10 మంది పిల్లల్లో దాదాపు 9 మందికి వైరస్ ఉండిపోతుంది. అందుకే మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపే పడాలి. ఇంట్లో కాన్పు అయితే ఆ డోసే తప్పిపోతది. పచ్చబొట్టు సూది ఒకరిది ఇంకొకరికి వాడినా ఇది సోకుతది.

వరంగల్ హాస్టళ్లలో చదివే మనం సెలవులకు గూడేనికో, తండాకో పోతాం కదా. బాలింత ఉన్న ఇంట్లో టీకా కార్డు ఒకసారి అడిగి చూద్దాం. రేపు ఎంజీఎంలో మంచం పక్కన నిలబడే కంటే ఇది తేలిక. ఆదివాసీ రక్తంతో మొదలైన టీకా, ఆదివాసీ బిడ్డకే అందకుండా పోవద్దు.