మాధవాయపాలెము నుండి షోలాపురము వఱకు: ప్రపంచ వాణిజ్యమున తెలుగు నేతగాండ్ర లాభనష్టములు

'ప్రపంచీకరణము' అను మాట తెలుగున వాడుకకు వచ్చి ఎంతో కాలము కాలేదు. 1991లో భారత ప్రభుత్వము నూతన ఆర్థిక విధానమును అవలంబించిన తరువాతనే అది పత్రికల కెక్కి, పాఠ్యపుస్తకములలో చేరినది. కాని ఆ మాట తెలుపు విషయము క్రొత్తది కాదు. ఒక దేశమున నేసిన వస్త్రమును మఱొక దేశమువారు ధరించుటయు, ఒక దేశమున చేసిన శాసనముచే మఱొక దేశమున మగ్గము నిలిచిపోవుటయు తెలుగు నేతగాండ్రు శతాబ్దుల క్రిందటనే చవిచూచిరి. ప్రపంచ వాణిజ్యము మేలా, కీడా యని తర్కించువారు షోలాపురమున స్థిరపడిన పద్మశాలీల చరిత్రను, దానికి పూర్వరంగమైన కోస్తా నేతగాండ్ర చరిత్రను కలిపి చూచుట అవసరము.

డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను మచిలీపట్టణమున వర్తకమునకు దిగిరి. తూర్పు దీవులలో సుగంధద్రవ్యములు కొనుటకు వెండికంటె తెలుగు తీరపు వస్త్రములే యెక్కువగా చెల్లుబడి యగుచుండెను. చిరివేరుతో తీసిన యెఱుపు రంగు, కలంకారీ అద్దకము యూరపువారిని సైతము ఆకర్షించెను. నరసాపురము సమీపమునందలి మాధవాయపాలెమున ఆంగ్లేయుల కంపెనీకి వర్తకశాల యుండెను. అచటినుండి పోయిన మెత్తని తెల్లబట్టకు ఆ యూరి పేరే స్థిరపడి, విదేశీయుల నోట 'మదపొల్లము' అయినది. ఈ వర్తకమువలన నూలు వడకు స్త్రీలు, నేతగాండ్రు, అద్దకపువారు, చాకలివారు, ఓడలు కట్టువారు పలువురు పనిపాటలు పొందిరి. వెండి దేశములోనికి ప్రవహించెను. ఇది లాభపక్షము.

నష్టపక్షము కూడ ఆ వర్తకముతోనే పుట్టినది. కంపెనీవారు దళారుల ద్వారమున నేతగాండ్రకు బయానా ఇచ్చి బట్టను నేయించుచుండిరి. కొనువారు పలువురున్నంత కాలము నేతగాడు ఒకరిని కాదని మఱొకరికి అమ్ముకొనగలిగెను. 1765–66 సంవత్సరములలో ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల వశమైన పిమ్మట కొనువాడే పాలకుడయ్యెను. బయానా సంకెలగా మాఱెను. అంతకుముందే అద్దకపు బట్టల దిగుమతిని ఫ్రాన్సు 1686లో నిషేధించెను. ఇంగ్లండు 1700లోను, 1721లోను శాసనములు చేసి తన పరిశ్రమను కాపాడుకొనెను. పిదప లంకషైరు యంత్రములు బలపడెను. 1813లో కంపెనీ గుత్తాధికారము, 1833 శాసనముతో దాని వర్తకమే ముగిసెను. తుదకు మదపొల్లమును లంకషైరు మిల్లులే నేసి లోకమున కమ్మసాగెను. ఊరి పేరు బట్టకు మిగిలినది. బట్ట ఊరికి మిగులలేదు.

అయినను నేత సమూలముగా నశింపలేదు. చౌకగా వచ్చిన మిల్లు నూలు రాట్నము త్రిప్పు స్త్రీల జీవనమును హరించెను. ఆ నూలునే కొని మగ్గముపై నేసి నేతగాడు బ్రతికెను. ఒకే వస్తువు ఒకే యింటిలో తల్లికి కీడును, కుమారునికి ఆధారమును అయ్యెనన్నమాట. ప్రపంచ వాణిజ్యపు లాభనష్టములను దేశమునకంతటికి ఒకే కొలతతో లెక్కింపరాదనుటకు ఇది తార్కాణము.

కోస్తా ఇట్లుండగా, నిజాము రాజ్యమునందలి తెలంగాణపు నేతగాండ్రు పడమటి దారి పట్టిరి. 1860లో రైలుమార్గము షోలాపురమును చేరెను. 1861–65 నడుమ అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా అచటి ప్రత్తి ఇంగ్లండునకు చేరుట ఆగి, దక్కను ప్రత్తికి అపూర్వమైన వెల పలికెను. యుద్ధము ముగియగానే ఆ వెల పడిపోయెను. 1876–78 నాటి మహాక్షామము దక్కనును పీడించెను. ఆ కఱవు నడుమనే, 1877లో, షోలాపురమున నూలు మిల్లు వెలసెను. జనులు దానిని 'జునీ మిల్లు' అని పిలిచిరి. స్వస్థలములలో అప్పులతోను, ఆకలితోను కృశించిన పద్మశాలి కుటుంబములు తెలంగాణ జిల్లాలనుండి క్రమముగా ఇచటికి తరలివచ్చెను. కొందఱు మిల్లు కూలీలైరి. పెక్కుమంది ఇంటి ముంగిటనే మగ్గము నిలిపి చీరలు నేసిరి. బొంబాయి, భివండీ నగరములకు పోయిన వారును కలరు.

వచ్చినవారు కూలికి మాత్రమే నిలిచిపోలేదు. ఫ్రాన్సు దేశమున జాకార్డు 1804లో కనిపెట్టిన, రంధ్రములు గల అట్టలతో పూలను నేయు సాధనమును షోలాపురపు నేతగాండ్రు తమ చేతి విద్యగా చేసికొనిరి. షోలాపురపు చద్దరు దానినుండియే పేరు పొందెను. 20వ శతాబ్ది మధ్యమునుండి చేనేతను మరమగ్గము క్రమముగా త్రోసివేసినప్పుడు, కూలివాడై యున్న నేతగాడు కొన్ని మగ్గములు కొని చిన్న కార్ఖానాకు యజమాని యగుట అరుదు కాలేదు. జునీ మిల్లు 1960–70 దశకమున మూతపడినను పట్టణమున నేత ఆగలేదు. ఏలయన మగ్గములు అప్పటికే వందలకొలది గృహస్థుల చేతిలో నుండెను. మాధవాయపాలెపు నేతగానికి లేని యాధారము ఇదియే.

1991 తరువాతి కాలమున షోలాపురపు టెర్రీ తువాలు విదేశములకు విస్తారముగా ఎగుమతి కాజొచ్చెను. ప్రపంచ వాణిజ్య సంస్థ 1995లో ఏర్పడెను. 2005 జనవరి 1 నాటికి సంపన్న దేశములు వస్త్రములపై విధించిన కోటాలు తొలగెను. తలుపు తెఱచుకొన్నమాట నిజమే; కాని ఆ తలుపున ఇతర దేశములవారును ప్రవేశించిరి. నూలునకు విదేశములలో గిరాకి పెరిగినప్పుడు ఇచటి చిన్న కార్ఖానాదారునకు ముడిసరుకు ప్రియమగును. మెత్తని పాలిస్టరు కంబళ్లు నూలు చద్దరుతో పోటీ పడుచున్నవి. నూతన యంత్రములు కొనగలవారికి మేలు జరిగినది. కొనలేనివారు ఒప్పంద కూలికి నేయువారైరి.

స్త్రీల విషయము మఱియు చింతనీయము. మగవారు మగ్గమున నుండగా పెక్కు తెలుగు కుటుంబముల స్త్రీలు బీడీలు చుట్టి సంసారమును నిలిపిరి. పొగాకు నియంత్రణపై ప్రపంచ దేశముల ఒడంబడికను భారతదేశము 2004లో ఆమోదించెను. ప్రజారోగ్యమునకు అది మేలు. కాని వేఱు వృత్తి చూపకుండ బీడీ తఱిగినచో నష్టపడునది చుట్టు స్త్రీయే. ఇట్టి స్త్రీలు సంఘటితులై ప్రయత్నించిన ఫలితముగా కుంభారి వద్ద పదివేల యిండ్ల కాలని నిర్మింపబడి, 2006లో వారికి అప్పగింపబడెను. దానికి గోదావరీ పరుళేకరు పేరు పెట్టిరి. ఈ మేలు విపణి తనంత ఇచ్చినది కాదు. కూడబలుకుకొని అడిగి సాధించినది.

ప్రపంచ శాసనము అన్నిచోట్ల కీడే చేసినదని కూడ చెప్పరాదు. వాణిజ్య సంస్థ నియమముల ననుసరించి భారతదేశము 1999లో భౌగోళిక గుర్తుల చట్టమును చేసెను. షోలాపురపు చద్దరు, టెర్రీ తువాలు 2005 ప్రాంతమున దాని క్రింద నమోదైనవి. ఊరి పేరు ఊరివారి సొత్తని చట్టము ఒప్పుకొన్నది. మదపొల్లము నేసినవారికి ఈ రక్షణ లేకపోయెను. అయినను చట్టము కాగితముపై నున్నంత మాత్రమున చాలదు. ఇతరచోట్ల నేసిన తక్కువ వెల చద్దర్లు అదే పేర అమ్ముడగుచున్నప్పుడు, పేరును కాచుకొనవలసినవారు ఆ పేరు గలవారే.

పేరు వలెనే భాషయు. శ్రావణ పూర్ణిమనాడు షోలాపురమున మార్కండేయ రథోత్సవము నేటికిని వైభవముగా జరుగుచున్నది. పద్మశాలి శిక్షణ సంస్థవంటివి విద్యాలయములను నిలిపినవి. కాని బిడ్డలకు పూనా, హైదరాబాదు నగరములలోను విదేశములలోను ఉద్యోగములు దొరకవలెనని తల్లిదండ్రులు ఆంగ్ల మాధ్యమమును కోరుచున్నారు. ఆ కోరిక తప్పు కాదు. నేతగాని కుమారుడు ఇంజనీరగుట ప్రపంచీకరణము తెచ్చిన మేలే. అయితే తాత తెలుగులో వ్రాసికొన్న చిట్టాను మనుమడు చదువలేని యిండ్లు పెరుగుచున్నవి. ఆ చిట్టాలో నూలు వెల, అప్పు వివరము, వలస వచ్చిన యూరి పేరు ఉండును. దానిని చదువలేనివాడు తన కుటుంబము దేనివలన చెడినదో, దేనివలన నిలిచినదో ఎఱుగజాలడు.

నాలుగు శతాబ్దుల యీ చరిత్ర తెలుపునది ఒక్కటే. ప్రపంచ వాణిజ్యము నేతగానికి శత్రువును కాదు, బంధువును కాదు. మగ్గముపై హక్కు, పేరుపై హక్కు, కూడి నిలుచు సంఘము, చదువు అను నాలుగును చేతనున్నచో దానివలన లాభము పొందవచ్చును. అవి లేనిచో శ్రమ మాత్రమే మిగులును. ఇందు మొదటి మూటికై షోలాపురపు పెద్దలు పాటుపడిరి. నాలుగవదానిలో ఆంగ్లముతోపాటు రోజునకు ఒక గంట తెలుగు నేర్పుట ఎంతమాత్రము భారము కాదు. ఇంటి పెట్టెలలోని పాత చిట్టాలను తీసి, పిల్లలచే చదివించి, నకలు వ్రాయించుటతో ఈ పని ప్రారంభింపవచ్చును.