విమానవినోదము

మనుస్మృతియందు రాజు విసర్జింపవలసిన కామజవ్యసనములు పది చెప్పబడినవి. వేట, జూదము, పగటినిద్ర మున్నగువానితోపాటు 'వృథాట్య' యను వ్యసనమొకటి అందు కలదు. వృథాట్య యనగా పనిలేని తిరుగుడు. ఈ లెక్కను బట్టి చూచినచో, సొంత విమానమునెక్కి గంటసేపు ఆకాశమున సంచరించి, ఎక్కినచోటనే దిగునట్టి మనుష్యునికంటె గొప్ప వృథాట్యాపరుడు లోకమున నుండడు. అతడు ఏ ఊరికిని పోలేదు. ఏ సరకును తేలేదు. పెట్రోలు మాత్రము తగులబెట్టినాడు. ఇట్టివానిని దుబారాకాడని మన ఇండ్లలో పెద్దలు నిందించుట సహజమే. అయితే సంస్కృతమున వ్యసనశబ్దమునకు రెండవ ముఖము కలదు. చదువునందలి విడువని ఆసక్తిని సైతము పూర్వులు విద్యావ్యసనమనిరి. విమానవినోదము ఈ రెంటిలో దేనికి చెందినదో దాని చరిత్రనుబట్టియే నిర్ణయింపవలసియున్నది.

ఆకాశగమనమునకు ఆదిపురుషులే వినోదప్రియులు. అమెరికాలో రైట్ సోదరులు సైకిళ్ల అంగడి పెట్టుకొని జీవించువారు. ఆ అంగడి రాబడిలో మిగిలిన సొమ్ముతోనే వారు గాలినడకను, రెక్కలనడకను పరీక్షించుచుండిరి. అదే కాలమున శామ్యూల్ లాంగ్లీ యను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు యుద్ధశాఖవారిచ్చిన 50,000 డాలర్లతో ఒక విమానమును నిర్మించెను. అది 1903 డిసెంబరు 8వ తేదీన పొటోమాక్ నదిలో కూలిపోయెను. తొమ్మిది దినముల పిమ్మట, 17వ తేదీన, సైకిళ్లవారి యంత్రము గాలిలోనికి లేచెను. ఆ దినమున నాలుగవ పర్యాయము అది 59 సెకండ్లు ఎగిరి 852 అడుగుల దూరము సాగెను. కొలది సంవత్సరములకే పారిస్ నగరమున నివసించుచుండిన బ్రెజిల్ దేశస్థుడు సాంటోస్ ద్యూమాం వెదురుబొంగులతో ఒక చిన్న విమానమును కట్టి, హక్కులను దాచుకొనక, దాని నమూనాను ఎల్లవారికిని విడిచిపెట్టెను. 1910లో ఒక అమెరికా మాసపత్రిక ఆ పటములను ప్రకటించెను. ఓపిక గలవాడు ఇంటి పెరటిలోనే విమానమును కట్టుకొనవచ్చుననుట ఆ ప్రకటన సారాంశము.

1914వ సంవత్సరపు మహాయుద్ధముతో ఈ ఆట ఆయుధమైనది. యుద్ధము ముగియగానే వేలకొలది విమానములు అక్కరలేక మిగిలిపోయినవి గాని, వాని ఇంజనులు త్రాగు పెట్రోలును భరింప సామాన్యునికి శక్యము కాలేదు. ఇందుకు ప్రతిక్రియగా 1923లో ఇంగ్లండునందలి లింప్నె గ్రామమున తేలికవిమానముల పోటీలు జరిగినవి. గెలిచినవి గాలనునకు 87½ మైళ్లు ఎగిరినవి. పొదుపు సాధ్యమైనది, కాని ఇంజనులకు బలము చాలలేదు. మరియొక లోపము దానికంటె ముఖ్యమైనది. ఆ విమానములలో కూర్చుండుటకు ఒక్కనికే చోటు. గురువునకు చోటులేని బడిలో శిష్యుడు నేర్చుకొనుట ఎట్లు?

ఈ చిక్కును విప్పినవాడు జెఫ్రీ డి హావిలాండ్. ఫ్రాంక్ హాల్ఫర్డ్ అను ఇంజనీరు యుద్ధమున మిగిలిన రెనో ఇంజనును, దాని ఎనిమిది సిలిండరులను సగము చేసి, నాలుగు సిలిండరుల చౌక ఇంజనుగా మార్చెను. దానిని తగిలించిన రెండుసీట్ల విమానము 1925 ఫిబ్రవరి 22వ తేదీన మొదటిసారి ఎగిరెను. డి హావిలాండునకు సీతాకోకచిలుకలను, చిమ్మెటలను సేకరించు అలవాటు కలదు. కావున దానికి 'మాత్', అనగా చిమ్మెట, అని పేరు పెట్టెను. చిమ్మెటవలెనే దాని రెక్కలను వెనుకకు మడిచి చిన్న కొట్టములో పెట్టుకొనవచ్చును. శిష్యుడు తప్పుచేసినచో గురువు సరిదిద్దుటకు ఇరువురి చేతులకును చుక్కాని అందుబాటులో నుండెను. మరికొన్ని ఏండ్లకు క్రొత్త మాత్ వెల సుమారు 650 పౌనులకు దిగెను.

వెల తగ్గినంతమాత్రమున విద్య వ్యాపింపదు. బ్రిటిషు పౌరవిమానశాఖాధికారి సెఫ్టన్ బ్రాంకర్ ఈ సత్యమును గ్రహించెను. ఒక్కొక్కడు ఒక్కొక్క విమానము కొనుటకు బదులు పలువురు కలసి కొన్నింటిని పోషించునట్లు 1925లో సర్కారు సాయముతో క్లబ్బులను నెలకొల్పించెను. ఆ ఆగస్టులోనే లండను క్లబ్బు పని ప్రారంభించెను. గ్రంథాలయము పుస్తకమునకు ఏమి చేసెనో క్లబ్బు విమానమునకు అదే చేసినది. సొంతము కాని వస్తువు స్వాధీనమగుటకు ఇంతకన్న మంచి ఏర్పాటు లేదు.

దాని ఫలమును ఐదేండ్లలోనే లోకము చూచినది. ఎమీ జాన్సన్ లండనులో ఒక సొలిసిటరు కచేరీలో టైపిస్టు. ఆమె ఆ క్లబ్బులో చేరి 1929లో విమానము నడుపు లైసెన్సును, అదే సంవత్సరము ఇంజనులను మరమ్మతు చేయు అధికారపత్రమును గూడ సంపాదించెను. తండ్రియు, వేక్‌ఫీల్డు ప్రభువును సొమ్ము సాయము చేయగా ఎవరో వాడిన పాత మాత్ విమానమును కొని, 1930 మే 5వ తేదీన ఒంటరిగా బయలుదేరెను. కరాచీ, అలహాబాదు, కలకత్తాల మీదుగా 24వ తేదీన ఆస్ట్రేలియాలోని డార్విను చేరెను. చేతులకు నూనె మరక అంటనీయని విలాసిని చేయదగిన పని కాదది.

మన దేశమున 1928 మొదలు ఢిల్లీ, బొంబాయి, కరాచీ మున్నగు పట్టణములలో క్లబ్బులు వెలసినవి. 1929 ఫిబ్రవరి 10వ తేదీన జె. ఆర్. డి. టాటా భారతదేశమున ఈయబడిన మొదటి లైసెన్సును అందుకొనెను. ఇంగ్లండునకును ఇండియాకును నడుమ నెలదినములలోపల ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయునికి 500 పౌనుల బహుమానమును ఆగాఖాన్ ప్రకటించెను. మరుసటియేడు కరాచీనుండి టాటాయు, ఇంగ్లండునుండి పదునేడేండ్ల ఆస్పీ ఇంజనీరును బయలుదేరిరి. ఇరువురును ఈజిప్టులోని అబూకిర్ వద్ద కలిసికొనిరి. ఆస్పీ స్పార్క్ ప్లగ్గు లేక అచ్చట చిక్కుపడియుండెను. టాటా తనయొద్ద నున్న దానిని పోటీదారునకే ఇచ్చివేసెను. ఆస్పీ కొలదిగంటల ముందుగా గమ్యము చేరి పందెము గెలిచెను. ఆ బాలుడే తరువాత 1960లో భారత వైమానికదళమునకు అధిపతి యయ్యెను. పందెమోడినవాని కథ 1932 అక్టోబరు 15వ తేదీన మరల మొదలైనది. ఆ దినమున టాటా పుస్ మాత్ అను చిన్న విమానములో కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలాసంచులను తెచ్చెను. నెవిల్ వింట్‌సెంట్ వానిని బొంబాయినుండి బళ్ళారి మీదుగా మద్రాసునకు చేర్చెను. ఈ తపాలామార్గమే కాలక్రమమున ఎయిర్ ఇండియాగా పెరిగినది. వినోదమునకై నేర్చిన విద్య దేశమునకు ఉత్తరములు మోసినది.

స్త్రీలకు ఈ విద్య తెరచిన ద్వారమును ప్రత్యేకముగ చెప్పవలెను. 1936లో సరళా ఠక్రాల్ ఇరువదియొకటవ యేట, నాలుగేండ్ల బిడ్డకు తల్లియై, చీరకట్టుతోనే మాత్ విమానమునెక్కి ఒంటరిగా ఎగిరెను. ఆమె భర్త వైమానికుడు. అయినను ఆమెను ప్రోత్సహించి క్లబ్బులో చేర్పించినవాడు మామగారు. కోడలి చదువును ఆపిన మామలను మన ఊరూర చూచితిమి. ఈ మామ పేరును సైతము తలచుకొనుట ధర్మము. 1947లో ప్రేమ్ మాథుర్ వాణిజ్యవిమానములను నడుపు లైసెన్సు పొందగా, స్త్రీ యను కారణముచే ఇతర కంపెనీలు ఆమెను నిరాకరించినవి. హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్ వారు చేర్చుకొనిరి. 1949లో ఆమె జాతీయ విమానపందెమున విజయము పొందెను.

ఇక ఈ వినోదమున విద్య యెంత? వైమానికుడు ఎక్కుటకు ముందు విమానము చుట్టును నడచి ప్రతి కీలును తడవి చూడవలెను. పెట్రోలుతొట్టి అడుగునుండి కొంచెము గాజుగిన్నెలోనికి తీసి, నీరు చేరినదేమో పరీక్షింపవలెను. నిప్పురవ్వను పుట్టించు మాగ్నెటోలు రెండుండును. ఒక్కొక్కదానిని ఆపి రెండవది సరిగా పనిచేయుచున్నదా యని చూడవలెను. తేమ హెచ్చిన గాలిలో, వెచ్చని దినముననైనను, ఇంజను కార్బురేటరునందు మంచు గట్టి ఊపిరాడనీయక పోవచ్చును. ముక్కును మితిమీరి ఎత్తినచో రెక్కపై గాలి చెదరి, రెక్క మోయుట మానును. ఆ క్షణమున ముక్కును దించువాడు బ్రదుకును, భయపడి ఇంకను ఎత్తువాడు పడును. నేడు మబ్బు బాగుగాలేదు, ఎగురరాదు అని తన్ను తాను నివారించుకొనుట అన్నిటికంటె కఠినపాఠము. ఆకాశమున పలుకుబడికి చోటులేదు, ధనమునకు మన్ననలేదు.

ప్రమాదమును దాచుట సత్యము కాదు. బ్రాంకర్ 1930 అక్టోబరులో ఇండియాకు బయలుదేరిన ఆర్ 101 గాలియోడ ఫ్రాన్సులో కూలగా మరణించెను. సరళ భర్త 1939లో విమానప్రమాదమున గతించెను. ఆమె పిదప చిత్రలేఖనమును, వస్త్రాలంకరణమును జీవనోపాధిగా చేసికొనెను. ఎమీ జాన్సన్ 1941 జనవరిలో యుద్ధసేవ చేయుచు థేమ్స్ ముఖద్వారమున అంతరించెను. ఖర్చు సామాన్యమైనది కాదనుటయు నిజమే. అందుచేతనే ఈ వినోదము ఒంటరిగా బ్రదుకజాలదు; సంఘము కావలెను, న్యాయమైన శాసనము కావలెను.

అమెరికా అనుభవము దీనికి సాక్ష్యము. అచ్చట 1938 నుండి పైపర్ కంపెనీవారి పసుపుపచ్చని 'కబ్' విమానములు పల్లెటూళ్ల పచ్చికబయళ్లలో దిగినవి. 1956లో అమ్మకమునకు వచ్చిన సెస్నా 172 ఇంతవరకు 44,000కు మించి తయారైనది. లోకమున ఏ విమానమును ఇంత సంఖ్యలో పుట్టలేదు. అయినను వ్యాజ్యముల భారము పెరిగి 1986లో సెస్నావారు చిన్న విమానముల తయారీని ఆపివేసిరి. పదునెనిమిదేండ్లు దాటిన విమానముపై తయారీదారులను వ్యాజ్యమునకు ఈడ్వరాదని 1994లో శాసనము వచ్చిన తరువాతనే మరల ఆరంభించిరి. మరియొక ప్రక్క 1953లో పాల్ పొబెరెజ్నీ ఇంటిలో విమానములు కట్టుకొనువారితో ఒక సంఘమును స్థాపించెను. 1970 మొదలు వారు ఆష్కోష్ పట్టణమున కూడుచున్నారు. ఇట్టివారికి ఆ దేశపు శాసనము పెట్టిన షరతు గమనింపదగినది: విమానములో అధికభాగమును, తమ విద్యకో వినోదమునకో మాత్రమే పూనుకొన్నవారు కట్టియుండవలెను. విద్యను, వినోదమును ఒక్క వాక్యమున ప్రక్కప్రక్కన నిలిపిన శాసనమది.

మన దేశమున క్లబ్బులు పెక్కు ఉద్యోగార్థుల శిక్షణశాలలుగా మారినవి. అది మంచిదే, కాని ఉద్యోగము కోరక నేర్చుకొనువానికి చోటు కుదించుకొనిపోయినది. ఇది విమానములకు మాత్రమే పట్టిన గతి కాదు. వీణను పట్టిన పిల్లను, నక్షత్రములను లెక్కించు పిల్లవానిని, పాత గడియారమును విప్పి కూర్చున్న ముసలివానిని "ఇందువలన ఫలమేమి?" అని మన ఇండ్లలో ప్రతిదినమును అడుగుచునే యున్నాము. రైట్ సోదరులను ఎవరైన ఈ ప్రశ్నతో నిలిపియుండిన, లోకమునకు రెక్కలు ఎన్నాళ్లకు వచ్చియుండునో!

1982 అక్టోబరులో, తొలి తపాలాయానమునకు ఏబదియేండ్లు నిండినప్పుడు, టాటా తన డెబ్బదియెనిమిదవ యేట చిన్న మాత్ విమానమునెక్కి కరాచీనుండి బొంబాయికి మరల ఎగిరివచ్చెను. ఆ సరికి ఉత్తరములు మోయుటకు మహావిమానములు ఎన్నియో యుండెను; ఆయన చేయవలసిన పని యేదియు లేదు. యౌవనమున నేర్చిన పాఠమును వార్ధకమున తప్పులేక ఒప్పగించుట మాత్రమే ఆయన కోరినది. దీనిని వృథాట్య యందుమా? కష్టపడి నేర్చి, నియమముతో కాపాడుకొని, అవసరమైనపుడు పరులకు ఒసగునట్టి ఆసక్తి ఏదైనను విద్యయే. అట్టిదానిని మన పిల్లలలో కనిపెట్టినపుడు ఫలమడుగుట మాని, సొంతముగ పోషింపలేనిచో నలుగురము కలసియైనను పోషింతము గాక.