గోళ్ల సందున గ్రీజు

మూడేళ్ల కిందటి మాట. "అక్కయ్యా! నువ్వైనా దానికి బుద్ధి చెప్పవే" అంటూ మా చెల్లెలు ఫోనులో ఒకటే గోల. ఇంటర్ పాసైన కూతురు ఇంజనీరింగు వద్దని, ఐ.టి.ఐ.లో మెకాట్రానిక్స్ చేరతానంటోందిట. ఆడపిల్ల పానా పుచ్చుకుని ఫ్యాక్టరీలో తిరగడమా! బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని, అదేమిటో తెలియకుండానే నేనూ వద్దన్నాను. అది నవ్వేసి చేరిపోయింది.

మొన్న ఆషాఢంలో వస్తే, గోరింటాకు పెడదామని చెయ్యి పట్టుకున్నాను. గోళ్ల సందున నల్లటి గ్రీజు!

"నిన్న ఒక మెషిను ఆగిపోయింది పెద్దమ్మా! గాలి బాగానే ఉందని ఫిట్టరు, కరెంటు బాగానే ఉందని ఎలక్ట్రీషియను. ఇద్దరి మాటా నిజమే. సిలిండరు ముందుకొచ్చిందని కబురు చెప్పే సెన్సరు, మర వదులై గోరంత జరిగింది. కబురందక మెషిను ఎదురుచూస్తూ కూర్చుంది. గాలి ఆపి, సెన్సరుని వేలితో జరిపి చూశాను. దాని దీపం వెలిగింది. మర బిగించాను, అంతే!"

పాలు పొంగితే తోడికోడళ్లిద్దరూ "నేను కాదంటే నేను కాదు" అన్నట్టుంది కదూ! ఆ ఇద్దరి మధ్యా ఉన్నదే దీని ఉద్యోగం.

ఆ రాత్రి కూర్చుని చదివాను. ఈ మాట నా కంటే ఓ పదేళ్లు పెద్దది, అంతే! జపాన్‌లో మోటార్లు చేసే యస్కావా కంపెనీ ఇంజనీరు టెట్సురో మోరీ 1969లో 'మెకానిజం' తల, 'ఎలక్ట్రానిక్స్' తోక కలిపి దీన్ని పుట్టించాడు. కంపెనీ ట్రేడ్‌మార్కు తీసుకుని, తర్వాత హక్కు వదులుకుంది. ఇవాళ అందరిదీ అయింది.

అంతకు ముందు యంత్రాలకి ఆజ్ఞలిచ్చేవి రిలేలు. అంటే, కరెంటుతో టక్కుటక్కున మూసుకుని తెరుచుకునే స్విచ్చులు. కారు మోడలు మారితే బీరువాలంత పెట్టెల్లో వైర్లు విప్పి మళ్లీ కట్టాలి. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారు దీనికి విరుగుడు అడిగారు. డిక్ మోర్లీ బృందం చేసిన మోడికాన్ 084 అనే పి.ఎల్.సి. 1969లో వచ్చింది. అది వాళ్ల 84వ పని గనక ఆ పేరు! ఇక వైర్లు విప్పక్కర్లేదు, లోపలి రాత మారిస్తే చాలు. ఆ రాతని కూడా నిచ్చెన మెట్ల బొమ్మలాగే ఉంచారు. ఎలక్ట్రీషియన్లకి అలవాటైన రిలే బొమ్మలు అలాగే ఉండేవి మరి. పనివాడి అనుభవం వృథా పోకూడదన్న ఆ ఆలోచన నాకు భలే నచ్చింది.

ఇనుమూ కరెంటూ కలిసిపోయినా మనుషులు మాత్రం విడివిడిగానే ఉండిపోయారు. 1998లో జర్మనీ దీన్ని ప్రత్యేకమైన వృత్తిగా గుర్తించింది. మూడున్నరేళ్ల శిక్షణ, కొంత ఫ్యాక్టరీలో, కొంత బడిలో. చేత్తో నేర్వాల్సింది చేత్తోనే, చదవాల్సింది చదివే. ఇందులో చిన్నతనం ఏముందండీ? నవల రాసే నేనూ చేతివేళ్లతోనేగా బతుకుతున్నాను!

"అప్పుడు వద్దన్నావుగా పెద్దమ్మా" అంది మర్నాడు.

"తెలియక అన్నానే తల్లీ" అని, ఆ చేతికే గోరింటాకు పెట్టాను. ఎర్రగా పండింది. గోళ్ల సందున నలుపు మాత్రం పోలేదు.