‘ఉచిత’ ఐఐటీ పాఠం: ఎక్కడి వరకు ఉచితం?

ఐఐటీ ప్రొఫెసర్ పాఠాన్ని కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో కూర్చుని ఫోన్‌లో వినొచ్చు. అమెరికాలోని ఎంఐటీ తన పాఠాలను అందరికీ తెరుస్తామని 2001లో ప్రకటించింది. మన దగ్గర ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. 2017 జూలైలో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ వేదికలోనూ ఆ కోర్సులున్నాయి. చేరడానికి, వీడియోలు చూడటానికి, అసైన్‌మెంట్లు రాయడానికి పైసా కట్టక్కర్లేదు. ఇంటర్‌లో ఎన్ని మార్కులని అడిగేవారు లేరు, ఏ బెంచీలో కూర్చోవాలో చెప్పేవారూ లేరు. మా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు.

సర్టిఫికెట్ దగ్గరే ఖర్చు మొదలవుతుంది. ఎన్‌పీటెల్ పరీక్ష ఫీజు కోర్సుకు రూ.1000గా ఉంటూ వచ్చింది, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. ఆ రాయితీకి కుల ధృవీకరణ పత్రం అప్‌లోడ్ చేయాలి కాబట్టి మీసేవలో ముందే తీసి పెట్టుకోండి. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. వీటిలో కనీసం 10, 30 రావాలి. పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాల్సిందే. 2023 డిసెంబర్ నుంచి అమ్మాయిలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. కూలికి పోయే ఇంటి అబ్బాయికి ఛార్జీతో పాటు ఆ రోజు కూలీ పోతుంది.

ఫోన్‌లో వీడియో చూడగలం గానీ ప్రోగ్రామింగ్ నేర్వలేం. 2017-18 జాతీయ నమూనా సర్వేలో కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 4.4 శాతమే. ఆ తర్వాత పల్లెల్లో పెరిగింది ఫోన్లే. పాఠాలేమో ఎక్కువగా ఇంగ్లిష్‌లో. కొన్నింటికి తెలుగు అనువాదాలున్నాయి, వాటితో మొదలుపెట్టడం మేలు.

యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేయొచ్చు. ఒప్పుకోవాల్సింది మాత్రం యూనివర్సిటీ, ఇక్కడైతే డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీ. క్రెడిట్ కలుపుతారో లేదో కోర్సులో చేరకముందే కాలేజీలో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట పనికిరాదు.

ఇంటి దగ్గరి చదువు మనకు కొత్తేమీ కాదు. 1982లో పుట్టిన ఓపెన్ యూనివర్సిటీ, ఇప్పటి డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, తెలుగులో పుస్తకం చేతికిచ్చింది, ఊళ్లకు దగ్గరలో స్టడీ సెంటర్ పెట్టింది. ఐఐటీ పాఠానికి ఆ రెండూ కావాలి. కామారెడ్డిలో పరీక్షా కేంద్రం, ఎల్లారెడ్డి ప్రభుత్వ కాలేజీలో సాయంత్రం తెరిచి ఉండే ల్యాబ్: ఈ రెండింటిని విద్యార్థి సంఘాలు ముందుగా అడగాలి.