పొటాషియం వేషంలో థాలియం

లండన్‌లో రసాయన శాస్త్రవేత్త విలియం క్రూక్స్ వెతుకుతున్నది టెల్లూరియం అనే మూలకం కోసం. జర్మనీలోని హార్జ్ కొండల దగ్గర జరిగిన సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారీలో మిగిలిన మడ్డిని మంటలో పెట్టి వర్ణపటదర్శినిలో చూశాడు. టెల్లూరియం గీతలు కనబడలేదు. అంతవరకు ఎవరూ చూడని ఆకుపచ్చ గీత ఒకటి తళుక్కుమంది. అది 1861 మార్చి. లేత చిగురును గ్రీకులో థాలోస్ అంటారు. అందుకే ఆ కొత్త మూలకానికి థాలియం అని పేరు పెట్టాడు.

క్రూక్స్ దగ్గరున్న సరుకు చిటికెడే. ఫ్రాన్స్‌లోని లీల్‌లో శాస్త్రవేత్త క్లాడ్ ఆగస్ట్ లామీకి ఆ కరువు లేదు. కూల్మన్ ఆమ్లం ఫ్యాక్టరీ మడ్డి కావలసినంత దొరికేది. 1862లో లండన్ అంతర్జాతీయ ప్రదర్శనకు థాలియం కడ్డీతో వచ్చి పతకం అందుకున్నాడు. క్రూక్స్ గట్టిగా అభ్యంతరం చెప్పాక ఆయనకూ పతకం ఇచ్చారు. అది సబబే. మొదట చూసినవాడు ఒకరు, ముద్దగా చేసి చూపించినవాడు మరొకరు.

సీసంలా మెత్తగా, కత్తికి తెగే ఈ లోహం లవణాల్లో కొన్ని రంగూ రుచీ వాసనా లేకుండా నీళ్లలో కరిగిపోతాయి. ఒంట్లోకి వెళ్లాక థాలియం పొటాషియం వేషం కడుతుంది. రెంటి అయాన్లూ దాదాపు ఒకే పరిమాణం, ఒకే విద్యుదావేశం. నరాలకూ కండరాలకూ పొటాషియం లేనిదే గడవదు గనక, కణాలు దీన్నీ లోపలికి రానిస్తాయి. మొదట కడుపునొప్పి, ఆపైన అరికాళ్లలో భరించలేని మంట, రెండు మూడు వారాలకు జుట్టు రాలడం. అదే గుణం చూసి ఒకప్పుడు వైద్యులు తలలో తామర పట్టిన పిల్లలకు థాలియం లవణం మందుగా ఇచ్చారు. జుట్టు ఊడితే తామర నయం చేయడం తేలికని. కొందరు పిల్లలు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఆ సంగతులు చదువుతుంటే ఈనాటికీ కడుపు తరుక్కుపోతుంది. ఎలుకల మందుగానూ ఇది చాలా దేశాల్లో ఇళ్లలో చేరింది. తర్వాత ఒక్కొక్క దేశమే నిషేధించింది.

ప్రపంచయుద్ధాల కాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసిన నేరకథల రచయిత్రి అగాథా క్రిస్టీకి విషాల సంగతి బాగా తెలుసు. 1961లో వచ్చిన ‘ది పేల్ హార్స్’ నవలలో థాలియం విషానికి జుట్టు రాలడాన్నే ఆనవాలుగా పెట్టారు. 1977లో ఖతర్ నుంచి 19 నెలల పాపను లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రికి తెచ్చారు. జబ్బేమిటో వైద్యులకు అంతుపట్టలేదు. ఆ నవల చదువుతున్న నర్సు పాప జుట్టు ఊడుతుండటం గమనించి, ఇది థాలియమేమో చూడండి అంది. పరీక్షిస్తే నిజమే. పాప బతికింది.

థాలియం విషానికి విరుగుడు ప్రష్యన్ బ్లూ, చిత్రకారులు వాడే నీలిరంగే. పేగుల్లో థాలియాన్ని పట్టుకుని మలంతో బయటికి పంపిస్తుంది.

మన ఊళ్ల గుండె ఆసుపత్రుల్లో ‘థాలియం టెస్ట్’ అన్న మాట వినే ఉంటారు. అందులో వాడేది రేడియోధార్మిక థాలియం-201, విషం కానంత అతిస్వల్ప మోతాదులో. సుమారు 73 గంటలకు సగానికి తగ్గిపోతుంది. గుండె కండరం దాన్నీ పొటాషియమనుకుని లాక్కుంటుంది. రక్తం సరిగా అందని చోటికి అది చేరదు. కెమెరా తీసిన బొమ్మలో ఆ భాగం వెలితిగా కనబడుతుంది.