కానుగ చెట్టు వంగిన కథ



పొంగల్ కలయికలో ఎనిమిదో తరగతి చదివే మన పిల్ల ఒకతె అడిగింది: "తాతా, మనవాళ్ళు ఏ నది దాటి వచ్చారు?" పెద్దలం నలుగురం కూర్చుని ఉన్నాం. ఒకరు తుంగభద్ర అన్నారు, ఒకరు కృష్ణ అన్నారు. మిగిలిన ఇద్దరం కాఫీ తాగుతూ ఊరుకున్నాం. ఆ సిగ్గు ఇంకా పోలేదు. అందుకే ఈ రాత.

ఆ నది కథను అచ్చులో పెట్టిన పెద్దమనిషి కి. రాజనారాయణన్. తమిళనాడు అంతా కి.రా. అంటుంది. 1923లో కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టారు. ఇంట్లో మాట తెలుగు, రాత తమిళం. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ మనిషినే తరువాత పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి జానపద కథల ఆచార్యుడిగా కూర్చోబెట్టింది. అదే ఊళ్ళో పుట్టిన కు. అళగిరిసామి ఆయన చిన్ననాటి స్నేహితుడు, వారింట్లోనూ తెలుగే. ఒక్క చిన్న పల్లెకు రెండు సాహిత్య అకాడెమీ బహుమతులు వచ్చాయి!

1976లో వచ్చిన ఆయన 'గోపల్ల గ్రామం' నవలలో నూరేళ్ళు దాటిన మంగత్తాయారు అవ్వ కూర్చుని కథ చెబుతుంది. తెలుగు సీమలో చెన్నాదేవి అనే అందమైన పిల్లను ఒక తురక రాజు కోరాడట. ఇంటిల్లిపాదీ రాత్రికి రాత్రి బయలుదేరారట. వెనక సైన్యం, ముందర నది. అప్పుడు గట్టు మీది చెట్టు అవతలికి వంగి దారి ఇచ్చిందట. అక్కడినుంచి దక్షిణానికి నడిచి, అడవి కాల్చి, నల్లరేగడి నేలను సేద్యానికి తెచ్చి ఊరు కట్టారు. తరువాతి భాగం 'గోపల్లపురత్తు మక్కళ్' ఆనంద వికటన్‌లో సీరియల్‌గా వచ్చింది. 1991లో అకాడెమీ బహుమతి దానికే.

ఇది చరిత్రేనా? 1909లో థర్‌స్టన్ దొర అచ్చువేసిన కులాల సంపుటాలలో తొట్టియ నాయకర్ల గురించి ఇదే కథ ఉంది. అక్కడ వంగినది కానుగ చెట్టు, తమిళంలో పుంగ మరం. ఒకే కథను వేరువేరు కులాలవాళ్ళు తమదిగా చెప్పుకున్నారంటే అది ఒక ఇంట్లో జరిగిన సంగతి కాదు. మనవాళ్ళు ఎక్కువమంది విజయనగరం కాలంలో, 16వ శతాబ్దంలో మధుర నాయకుల పాలన ఏర్పడినప్పుడు, సైన్యం వెంట, పశువుల వెంట, భూమి వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. పిల్లలకు రెండూ చెప్పాలి, ఏది కథ, ఏది చరిత్ర అని విడదీసి చెప్పాలి. రాజు కథను పట్టుకుని పక్కింటి సాయిబు మీద కోపం నేర్పితే అది మన తప్పు.

ఇంకొక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. ఈ నవలలో మాట్లాడేది ముఖ్యంగా భూమి దొరికిన ఇళ్ళవాళ్ళు. అదే కరిసల్ నేలలో అదే తెలుగు మాట్లాడే అరుంధతియర్లు ఉన్నారు. వాళ్ళ అవ్వలు ఏ కథ చెప్పారో మన సంఘంలో ఎవరం ఎప్పుడూ అడగలేదు.

కి.రా. ఊరూరా కథలు పోగుచేశారు, కరిసల్ మాటలకు నిఘంటువు కూడా కూర్చారు. 'పింజుగళ్' అనే చిన్న నవల పల్లె పిల్లవాడి లోకం, మన పిల్లలకు మొదట ఇవ్వవలసింది అదే. జానపద కథల పెద్ద సంపుటి మాత్రం పెద్దలు ముందు చదివి ఏరి ఇవ్వాలి, అందులో పెద్దలకే చెల్లే కథలు చాలా ఉన్నాయి (నవ్వకండి, నిజం).

మనకొచ్చిన చిక్కు ఏమిటంటే, ఇవన్నీ తమిళంలో ఉన్నాయి. మేమంతా తమిళ బడుల్లో చదివినవాళ్ళం కాబట్టి చదువుకున్నాం. రైల్వేలో చేరిన మాలాంటివాళ్ళకు తెలుగు అక్షరాలు వచ్చింది గూడూరు, రేణిగుంట స్టేషన్ల పేరు పలకలు చూసి. ఇప్పటి పిల్లలు ఇంగ్లీషు బడి, వాళ్ళకు రెండూ కష్టమే. అందుకని వచ్చే నెల నుంచి ఆదివారం సాయంత్రం ఒక గంట 'గోపల్ల గ్రామం'లో కొన్ని పుటలు తీసుకుని, ఇంటి తెలుగులో చెప్పాలని నలుగురం అనుకున్నాం.

2021 మేలో, 98వ ఏట, ఆయన పుదుచ్చేరిలో పోయారు. ప్రభుత్వ లాంఛనాలతో ఇడైసెవల్‌కే తీసుకొచ్చారు.

మీ అవ్వ ఆ నదికి ఏ పేరు చెప్పేదో, ఏ చెట్టు అనేదో, గుర్తున్నంతలో రాసి పంపండి. ఆ పిల్లకు ఇంకా జవాబు బాకీ ఉన్నాం.