ఫుట్‌నోటులోని ఆడపిల్లలు

నా పిహెచ్‌డి సిద్ధాంతగ్రంథం యుద్ధ నవలల మీద. అందులో స్టాలిన్‌గ్రాడ్ పోరాటానికి పదకొండు పేజీలిచ్చాను. ఆ పోరాటంలోని ఆడవాళ్లకి ఒక ఫుట్‌నోటు. అదీ రెండు లైన్లు. ఆ మధ్య ఒక విద్యార్థిని చదివి, "వీళ్లేమయ్యారు మేడమ్?" అని అడిగేదాకా నాకది లోటుగానే తోచలేదు.

రెండో ప్రపంచ యుద్ధాన్ని మలుపు తిప్పిన పోరాటాల్లో స్టాలిన్‌గ్రాడ్ పేరు ముందుంటుంది. 1942 నవంబరు 19న ఎర్రసైన్యం ఎదురుదాడికి దిగి నాలుగు రోజుల్లో జర్మన్ ఆరో సైన్యాన్ని చుట్టుముట్టింది. 1943 ఫిబ్రవరి 2 నాటికి అంతా ముగిసింది. జుకోవ్, చుయికోవ్, లొంగిపోయిన పౌలస్ - ఈ పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు.

అయితే నవంబరు దాకా నగరం నిలబడితేనే కదా ఎదురుదాడి! ఆగస్టు 23న జర్మన్ 16వ పాంజర్ డివిజన్ వోల్గా ఒడ్డుకి దూసుకొచ్చినప్పుడు నగరం ఉత్తరపు అంచున ఎదురు నిలిచింది 1077వ విమాన విధ్వంసక రెజిమెంటు. అందులో ఎక్కువమంది అప్పుడే హైస్కూలు చదువు ముగించిన ఆడపిల్లలు. విమానాల్ని కొట్టడం నేర్చుకున్నారు గాని ట్యాంకుల్ని ఎదుర్కోవడం వాళ్లకెవరూ నేర్పలేదు. ఫిరంగి గొట్టాల్ని నేలబారుగా దించి కాల్చారు. 37 ఫిరంగులూ ధ్వంసమయ్యేదాకా కాల్చారు. తమను అంతసేపు ఆపింది ఆడవాళ్లని జర్మన్లు తమ నివేదికలో రాసుకున్నారు. శత్రువు ఇచ్చిన చోటు కూడా నేనివ్వలేదన్నమాట.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన స్త్రీల దగ్గరికి స్వెత్లానా అలెక్సీవిచ్ 1970ల చివర్లో టేప్‌రికార్డరు పట్టుకుని వెళ్లింది. ఆ పుస్తకం 1985లో వచ్చింది, అదీ సెన్సారు కత్తిరింపులతో. పతకాలు దాచేసుకున్నవాళ్లు, పెళ్లి కాదేమోనని యుద్ధానికెళ్లిన మాటే ఎత్తనివాళ్లు అందులో కనిపిస్తారు. పొరుగింటి ఆడవాళ్లే వాళ్ల నడవడిని అనుమానించారు. ఒక ఇంట్లోనయితే, రచయిత్రి వస్తోందని భర్త రాత్రంతా కూర్చోబెట్టి భార్యకి యుద్ధచరిత్ర చదివించాడట, తప్పులు లేకుండా చెప్పాలని! నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. నన్నెవరూ కూర్చోబెట్టి చదివించలేదు. నా అంతట నేనే నేర్చేసుకున్నాను.

ఇప్పటి వోల్గోగ్రాడ్‌లో, మమాయెవ్ కుర్గాన్ గుట్ట మీద కత్తి దూసిన స్త్రీ విగ్రహం ఉంది. 1967లో నిలబెట్టారు. కత్తి మొనదాకా 85 మీటర్లు. ఆమె మాతృభూమి, బిడ్డల్ని యుద్ధానికి పిలిచే తల్లి. ఫిరంగి పేల్చిన పిల్ల కాదు.

ఆ పదకొండు పేజీలూ మళ్లీ రాస్తున్నాను. ఈసారి ఆగస్టు 23తో మొదలుపెట్టాను.